అరుగు దిగిన మాత్రల రోజు

“ఇది ఆసుపత్రా, మీ ఇంటి అరుగా? ఆ ఒక్కటీ చెప్పండవ్వా.”

“మీ ఆసుపత్రి కప్పు పెచ్చులూడి నెత్తిన పడతా ఉంటే నీకు ఈ అరుగే దిక్కయింది. అప్పుడు అడగలేదేమ్మా ఈ మాట?”

“నీళ్ళిచ్చినారు, నీడిచ్చినారు. కాదన్లా. కానీ రేపట్నుంచి మాత్రలు ఇచ్చేది పాళెంలో. వలల షెడ్డు కాడ కూర్చుంటా.”

“ఏ దొర చెప్పినాడు?”

“ఎవురూ చెప్పలా. మీటింగులో నేనే అడిగి తెచ్చుకున్నా.”

అడిగి తెచ్చుకుందట. నాకు ఒళ్ళు మండింది. బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టేశాను.

ఈ నర్సమ్మ మా ఊరి సబ్‌సెంటరుకు వచ్చేటప్పటికే ఆ కట్టడం పాడుబడి ఉంది. సముద్రపు గాలికి ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, కప్పు పెచ్చులు రాలుతుండేవి. ఒకరోజు ఆమె మందుల సంచీతో మా ఇంటి ముందు నిలబడి, కాసేపు కూర్చోవచ్చా అని అడిగింది. అలా మొదలై, నెలకొకసారి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే పని మా అరుగు మీదే సాగుతూ వచ్చింది. మందుల టిన్ను పెట్టె నడవలో, నా మంచం పక్కన ఉండేది. మాత్రల రోజుకు ముందటి సాయంత్రం ఆమె వచ్చి పెట్టె సర్దుకుని పోయేది. ఆ రోజూ అందుకే వచ్చిందనుకున్నాను.

నాకు మాత్రల రోజంటే ఏమిటో చెప్పాలి. మా ఇంట్లో మనుషులకు కొదవ లేదు. కొడుకూ కోడలూ తెల్లవారకముందే రొయ్యల గుంటల మీదికి పోతారు. మనవరాలు తడ దగ్గర చెప్పుల కంపెనీలో పని చేస్తుంది. కంపెనీ బస్సు చీకటితోనే వచ్చి తీసుకుపోయి, పొద్దు గూకాక దింపుతుంది. అందరూ ఇంటికే వస్తారు. వచ్చి, అన్నం తిని, ఫోను చూసుకుంటూ నిద్రపోతారు. పగలంతా నేను మాట్లాడేది కోళ్ళతో.

మాత్రల రోజు మాత్రం అరుగు నిండేది. నా ఈడు వాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఉప్పు తగ్గించమని నర్సమ్మ అంటే, “ఉప్పు కయ్యల్లో పుట్టి పెరిగినోణ్ణి, ఉప్పు మానితే నేనెవురో నాకే తెలవదు గదమ్మా” అని ఒక ముసలాయన ప్రతిసారీ అనేవాడు. ప్రతిసారీ అందరూ నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. ఎంగిలి లోటా ఎక్కడ పెట్టారో, గోడకు తలనూనె ఎవరు రాస్తున్నారో చూసుకునేదాన్ని. అయినా మరునాడు పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చుని ఆ మాటలే నెమరేసుకునేదాన్ని.

అందుకే ఊరుకోలేకపోయాను.

“పాళెమోళ్ళకి మాత్రలంటే భయం. ఎన్నిసార్లు కబురు పెట్టినా రారు. రానోళ్ళ కోసం వచ్చేటోళ్ళని ఎండలో నడిపిస్తావా?” అన్నాను. పాళెమంటే మా ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ వాడ.

“భయం కాదవ్వా. నేను ఇక్కడ కూర్చునే పొద్దుకే ఆడ పడవలు ఒడ్డుకొస్తాయి. వేలం పాటలో చేపలు ఎత్తుకోకపోతే ఆడోళ్ళకి ఆ పూట యాపారం లేదు. ఎత్తుకొని గంపతో ఇట్టా వస్తే, మీరేమో గంప మలుపులో పెట్టి రమ్మంటిరి.”

“పెట్టమన్నా. నీచు వాసన అరుక్కి పట్టిందంటే పోతుందా? సున్నం కొట్టుకునేది నేను.”

“మలుపులో పెడితే కాకులకీ కుక్కలకీ ఎవురు కాపలా? మాత్రకని వస్తే ఆ రోజు కూడు పోతా ఉండాది. అందుకని మానుకున్నారు. చివరింటామెకు కాలూ చెయ్యీ పడిపోయినాయి, మీకు తెలుసు. ఆమె బీపీ నేను చూసింది ఒకే ఒక్కసారి.”

తెలుసు. ఆమె మా వీధిలోకి చేపలు తెచ్చే మనిషి. మామిడికాయ వేసి వండుకోమని చెప్పి కొసరుగా నాలుగు నెత్తళ్ళు వేసేది. నేను బేరమాడితే, “ఈ అమ్మకు చేప కాదు, చేప నీడ అమ్మినా బేరమే” అని తోటి ఆడవాళ్ళతో అని నవ్వేది. ఇప్పుడు నోరు ఒక పక్కకు పోయి మాట రావడం లేదని విన్నాను. చూడటానికి పోలేదు.

నర్సమ్మ నడవలోకి పోయి, టిన్ను పెట్టె తెచ్చి నా ముందు తెరిచింది. అడుగున ఒక మూట ఉంది.

“పాళెమోళ్ళకని వచ్చినవి. చూడండి,” అంది.

నా చదువు చిన్నబడితోనే ఆగిపోయింది. అయినా అంకెలు వచ్చు. మాత్రల అట్టల వెనక ఉన్న గడువు కూడబలుక్కుని చదివాను. ఒక అట్ట చూశాను, ఇంకొకటి చూశాను. అన్నిటికీ గడువు తీరిపోయింది. ఒక్క మాత్రా అట్టలోంచి తీసింది లేదు.

“వీటినేం చేస్తావు?”

“వెనక్కి పంపిస్తా. ఆడ కాల్చేస్తారు.”

గోనెసంచి చిరిగితే నేను కుట్టి వాడతాను. కుట్టడానికీ పనికిరాకపోతే గడప ముందు పరుస్తాను. గంజి పారబోసిందని కోడలితో పూటంతా మాట్లాడకుండా ఉన్నదాన్ని. ఇన్ని మాత్రలు నా మంచం పక్కనే, చేయి చాపితే అందే చోట, ఎవరి నోట్లోకీ పోకుండా చెడిపోయాయి. మూట మళ్ళీ ముడేసి పెట్టెలో పెట్టాను.

“మరి మా ఊరోళ్ళు?” అని మాత్రం అడిగాను.

“లేవలేనోళ్ళకి ఇంటికొచ్చి ఇస్తా. తతిమ్మా వాళ్ళు బండ్ల మీద వస్తారు. మీరు నడవగలరు.” పెట్టె మూత వేస్తూ, “దారే గదా, మిమ్మల్ని చూసి పోతా ఉంటాలేవ్వా,” అంది.

“చూడ్డానికి నేనేమన్నా మంచాన పడ్డానా? పెట్టె తీసుకుపో. నడవ ఖాళీ అవుతుంది.”

ఆమె పెట్టెను స్కూటరు వెనక తాడుతో కట్టుకుని పోయింది. నేను చేట తీసుకుని మిగిలిన బియ్యం ఏరాను.

పొద్దు గూకాక మనవరాలు బస్సు దిగి వచ్చింది. రోజంతా నిలబడి పాదాలు వాచి ఉన్నాయి. అన్నం పెడుతూ సంగతి చెప్పాను.

“మంచిదే గదవ్వా. ఊడ్చేదీ, నీళ్ళు మోసేదీ తప్పింది నీకు.”

“ఊ.”

“కోపమా?”

“కోపమెందుకు. తిను, చల్లారిపోతా ఉండాది.”

తిని, ఫోనులో దేనికో నవ్వుకుంది. ఏమిటే అది అని అడుగుదామని పళ్ళెం కడిగి వచ్చేసరికి నిద్రపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా, అరుగు మీద నలుగురు కూర్చుంటే నాకు బాగుంటుందని ఈ వయసులో నోరు తెరిచి ఎలా చెప్పను?

మరునాడు ఇంట్లో వాళ్ళు పోయి తెల్లవారాక, కోళ్ళకు నూకలు చల్లి, తాళం వేసి పాళెం దారి పట్టాను. ఇసుకలో కాలు దిగబడుతోంది. నేను పోయేసరికి పడవలు వచ్చి వేలం పాట నడుస్తోంది. అది ముగిసేదాకా నర్సమ్మ పెట్టె తెరవలేదు. ముగిశాక ఆడవాళ్ళు గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకుని షెడ్డు నీడలో కూర్చున్నారు. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు పడవలు పోకూడదన్నారని, ఆ రోజు గడిచేదెట్టాగని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మా ఊరి వాళ్ళు ఇద్దరు బండ్ల మీద వచ్చి, మాత్రలు తీసుకుని నిలవకుండా వెళ్ళిపోయారు. ఒకామె “కొంచెం జరగమ్మా” అంటే జరిగాను.

నా వంతు వచ్చింది. నర్సమ్మ నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది.

“ఎక్కువ ఉండాదవ్వా. నడిచొచ్చినారు గదా. కాసేపు ఆడ కూర్చోండి, మళ్ళీ చూస్తా.”

లేచి, వలల కుప్ప పక్కన కూర్చున్నాను.