విందుపెద్ద నేర్చిన ఇంగ్లీషు

జార్జియా దేశంలో తెలావి పట్నం చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికి పూజారి ఆలస్యమైనా సర్దుకుంటారు గాని, తమాదా లేకపోతే బల్ల దగ్గర ఒక్కడూ గ్లాసు ముట్టడు. తమాదా అంటే విందుకు పెద్ద. ఆయన లేచి దేవుడి పేరునో, పోయినవాళ్ళ పేరునో నాలుగు మాటలు చెప్పి ముగించాకే తక్కినవాళ్ళు తాగాలి. ఎల్గుజా తాత జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ పనిలో ఉన్నాడు. పెళ్ళికూతురి మేనమామ గాడిద గురించి ఆయన మాట్లాడినా జనం కళ్ళు తుడుచుకోవలసిందే. ఆ సంగతి అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే.

అలాంటి మనిషి పెద్దరికానికి సొంత మనవరాలి పెళ్ళిలోనే ఎసరొచ్చింది. తెక్లె ఒక ఇంగ్లీషు కుర్రాణ్ణి చేసుకుంటానంది. అది విన్న రోజే ఆ పిల్ల తండ్రి జుంబెర్ నసుగుతూ ముసలాయన దగ్గరికొచ్చాడు.

"నాన్నా, నువ్వు లేచి మన జార్జియన్‌లో గంటసేపు దంచితే, ఆ వియ్యంకుడు గ్లాసు పట్టుకుని దిక్కులు చూడాలా? తెలావిలో ఇంగ్లీషొచ్చిన తమాదా ఉన్నాడు. అతన్ని పిలుస్తున్నా."

"నా మనవరాలి పెళ్ళికి అద్దె నోరా?"

"మరి నీకు ఇంగ్లీషొచ్చా?"

"ఎందుకు రాదు?" అన్నాడు ఎల్గుజా. రాదు. ఒక్క ముక్క రాదు.

జుంబెర్ నవ్వాపుకున్నాడు. "సరే, ద్రాక్ష కోతలప్పుడే పెళ్ళి, ఆలోగా తయారవ్వు. అతన్ని మాత్రం పిలుస్తా, ఓ పక్కన కూర్చుంటాడు. నువ్వు తడబడ్డావో, అతను లేస్తాడు."

ఊరి బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన లమారా గోడ అవతలే ఉంటుంది. ఇంగ్లీషువాణ్ణి చూసిన పాపాన పోలేదు గాని, ఆవిడ ఇంగ్లీషుకు వంక పెట్టగలవాడు ఊళ్ళో లేడు. ఇంకొకరికి వస్తే కదా!

"టీచరమ్మా, వ్యాకరణం వద్దు. అవన్నీ బొమికలు. వాళ్ళు మాటల మధ్య వేసే పలుకుబళ్ళుంటాయి చూడు, అవి నేర్పు."

"అవి ఉప్పులాంటివయ్యా. ముందు వంటుండాలి."

"వంట నేను చేసుకుంటాలే. నువ్వు ఉప్పియ్యి."

ఆ వేసవంతా ఆయన ద్రాక్ష తీగలకు కట్లు కడుతుంటే, ఆవిడ ముక్కాలిపీట వేసుకుని పాఠం చెప్పింది.

"జోరువాన పడితే, పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయంటారు."

"కుక్కలు కూడానా! పాపం, ఏం దేశమమ్మా అది."

"నాటకం ఆడబోయేవాణ్ణి కాలు విరగ్గొట్టుకోమని దీవిస్తారు."

"ఇక్కడ అలా దీవిస్తే ముందు విరిగేది నా కాలే."

"గదిలో ఏనుగు అంటే, అందరికీ కనిపిస్తూనే ఉంటుంది గాని ఎవరూ దాని ఊసెత్తరు."

ఎల్గుజా కట్టు కడుతున్నవాడు ఆగాడు. "మళ్ళీ చెప్పు" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తమాదా పుట్టుక పుట్టినవాడు మంచి మాట చెవిన పడితే గ్లాసెత్తకుండా ఉండలేడు. నేర్చుకున్న ప్రతి పలుకుబడికీ ఆయన ఒక ప్రసంగం అల్లేశాడు. లమారా తల పట్టుకుంది.

"మహానుభావా, అవి మాటవరసకు అనేసి మరిచిపోయేవయ్యా! వాటికోసం లేచి నిలబడి తాగరు."

"లేచి నిలబడి తాగలేని మాట అనడమెందుకు?"

పెళ్ళి రోజు వచ్చింది. వియ్యంకుడు నార్మన్ పొడుగాటి, సిగ్గరి మనిషి. ఊళ్ళో దిగినప్పటి నుంచీ 'బావుంది' అనే మాట తప్ప ఆయన నోట ఇంకోటి ఎవరూ వినలేదు. బల్ల చివర తెలావి తమాదా మెరిసే బూట్లతో కూర్చుని, మాంసం ముక్కలు లాగిస్తూ తన వంతు కోసం చూస్తున్నాడు.

ఎల్గుజా లేచి, ఇంగ్లీషులో, గొంతెత్తి ప్రకటించాడు: "పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి!"

ఎండ మాడ్చేస్తోంది. ఇంగ్లీషు చుట్టాలంతా తలలెత్తి ఆకాశం చూశారు. ఒకావిడ గొడుగు కూడా తీసింది. ఆయన జార్జియన్‌లోకి దిగి, వానలో నీడ లేనివాళ్ళ గురించీ, కొత్త జంట ఇంటి కప్పు గురించీ చెప్పుకుపోయాడు. తెక్లె పక్కనే నిలబడి ఇంగ్లీషు చేసింది. అందరూ తాగారు. గండం గడిచిందనుకుని ఆయన పెళ్ళికొడుకు వైపు తిరిగి, "కాలు విరగ్గొట్టుకో!" అన్నాడు. పెళ్ళికొడుకు పడీ పడీ నవ్వాడు. దాని అర్థమేమిటో తెలిశాక పెళ్ళికూతురి మేనమామలు మాత్రం కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. వాళ్ళను కూర్చోబెట్టేసరికి జుంబెర్‌కు చెమటలు పట్టాయి. తెలావి తమాదా మూతి తుడుచుకుని టై సర్దుకున్నాడు.

ఎల్గుజా అదంతా చూశాడు. అయినా మూడోసారి గ్లాసెత్తాడు. "గదిలో ఏనుగు" అన్నాడు, ఈసారి నెమ్మదిగా. తర్వాత సొంత భాషలోకి వచ్చాడు.

"ఈ బల్ల దగ్గర ఒక ఏనుగు కూర్చుంది. పొద్దుటి నుంచీ తింటున్నాం, పాడుతున్నాం, దాని వంక ఎవరం చూడట్లేదు. ఎల్లుండి ఈ పిల్ల వెళ్ళిపోతుంది. ముసలాణ్ణి, మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలీదు. నాకు భయంగా ఉంది."

తెక్లె సగం చెప్పి ఆగిపోయింది. తక్కిన సగం, ఆమె దగ్గర కాస్త జార్జియన్ నేర్చుకున్న పెళ్ళికొడుకు చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు ఎల్గుజా నార్మన్ వైపు తిరిగి, "బంతి ఇప్పుడు నీ వైపుంది" అన్నాడు ఇంగ్లీషులో, ఇక నీ వంతు అన్నట్టు. తమాదా మాట అప్పగిస్తే అందుకున్నవాడు లేచి దాన్ని కొనసాగించాలి. కాదంటే చెంప మీద కొట్టినంత అవమానం. నార్మన్‌కు ఆ సంగతి ఎవరు చెప్పారో గాని, చెవులు ఎర్రబడగా లేచి నిలబడ్డాడు. ఇంగ్లీషులో కాదు, జార్జియన్‌లో, ఒక్కో ముక్కా రాయెత్తినట్టు ఎత్తి పలికాడు.

"నీ బాధ నాకు రానీ."

ఆయనకు వచ్చిన జార్జియన్ అంతే. పిల్లల తల నిమురుతూ అమ్మమ్మలు పొద్దస్తమానం అనే మాటే అది. సంతలో వంకాయలమ్మే ఆవిడ కూడా అంటుంది. అని అని అరిగిపోయి, దానికో అర్థముందని అక్కడెవరికీ గుర్తు లేదు. నార్మన్ దాన్ని పూర్తి అర్థంతో అన్నాడు.

ఎల్గుజా జవాబివ్వడానికి నోరు తెరిచాడు. ఎప్పుడూ లేనిది, మాట రాలేదు. బల్ల చుట్టూ అందరూ నిండు గ్లాసులతో నిలబడి ఆయన వంకే చూస్తున్నారు. తెలావి తమాదా గొంతు సవరించుకుని లేచాడు.

"నేను ముగించనా?"

జుంబెర్ అతని భుజం మీద చెయ్యి వేసి కుర్చీలోకి నొక్కాడు.

"కూర్చోవయ్యా. మా నాన్న ముగించేదాకా ఆగుతాం."