మిషన్ మీది ఆకుపచ్చ పొట్లం

తైపేలో క్యాన్సర్ పరిశోధకులందరికీ ఉమ్మడిగా ఉన్న మా ల్యాబ్‌లో, కణితుల్లోని ప్రొటీన్లను లెక్కతేల్చే మిషన్‌ను పెయ్-షున్ చూసుకునేది. తైవాన్‌లో అందరిలాగే ఆమె కూడా మిషన్ మొరాయించకుండా దాని మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టేది. పొట్లం విప్పితే మిషన్ అలుగుతుందని మా నమ్మకం.

ఆ పరిశోధకుల్లో ఒకడైన డాక్టర్ లియెన్ "అక్కా" అంటూ వెంట తిరిగితే, మిగతావాళ్ల చేత మాటలు పడి మరీ అతని శాంపిళ్లను వరసలో ముందుకు జరిపేది. ఆ ఫలితాలు చూపించే అతగాడు నిధులు రాబట్టి సొంత మిషన్ తెచ్చుకున్నాడు. ఆ వెంటనే, ఉమ్మడి ల్యాబ్‌లో అంతా నత్తనడకేనని సంస్థ కమిటీకి చెప్పి దాన్ని మూయించేశాడు.

నిన్న, మేం సామాను సర్దుతుంటే వచ్చాడు.

"అక్కా, నా మిషన్ ఊరికే ఆగిపోతోంది. నీ పొట్లం ఇవ్వవూ? అది మంచిది."

పెయ్-షున్ పొట్లాన్ని పర్రున చించి అతని ముందుకు చాపింది.

"తిను తమ్ముడూ. ఎప్పట్లాగే ముందు నీకే."