నా ఫ్రిజ్‌లో రీతమ్మ మహిమ

మాట కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. రొట్టెల కొట్టు నడిపేదాన్ని, తెల్లారితే ఊరంతా నా గుమ్మంలోనే ఉంటుంది. అలాంటి నా చేత జుల్మీరా మా గుళ్ళో పునీతురాలు రీతమ్మ తల్లి మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఎలా మంటగలిపానో చెబుతాను, తప్పు నాదేనంటే మాత్రం ఒప్పుకోను.

జుల్మీరా మా పక్కింటి దర్జీ. మా మినాస్ కొండల్లో ఈ ఊళ్ళో పెళ్ళిగౌను కావాలంటే ఆమే కుట్టాలి. పెళ్ళికూతురి నడుముకి టేపు చుట్టి, వచ్చిన కొలతలో కాస్త తగ్గించి పైకి చదివే మంచి మనిషి. ఆమె నడుము దగ్గరికొచ్చేసరికి అంత మర్యాద చేసేవాళ్ళు లేరు. నా కొట్లో చీజు ఉండ ఒకటి చేతిలోకి తీసుకుందంటే చాలు, ఆమె అత్తగారు లిందౌరా పెద్దమ్మ పదిమందిలో, "తిను తల్లీ తిను, ఇంటి తలుపులు వెడల్పు చేయిద్దాంలే" అనేది. జుల్మీరా నవ్వేసేది. ఇంటికెళ్ళి మిషను తొక్కుతూ ఏడ్చేది. మా పొయ్యికీ ఆమె మిషనుకీ మధ్య ఒకటే గోడ.

చివరికి పట్నం డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన పరీక్షలన్నీ చేసి, బరువు తగ్గే ఇంజెక్షను పెన్ను రాసిచ్చాడు. వారానికోసారి పొట్ట మీద పొడుచుకోవాలి. కడుపునొప్పొస్తే వెంటనే రమ్మన్నాడు, ఏ ఆసుపత్రికెళ్ళినా ముందు ఈ మందు సంగతి చెప్పమన్నాడు. అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఆ పెన్ను తెచ్చి నా ఫ్రిజ్‌లో వెన్న వెనకాల పెట్టింది.

"మీ ఇంట్లో ఫ్రిజ్ లేదుటే?" అన్నాను.

"ఉంది. మా అత్తమ్మ దాన్ని గుడి తలుపు తీసినట్టు పొద్దస్తమానం తీస్తుంది. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్ ఇవొనేతా."

వేశాను. నా ఖర్మ.

మనిషి చిక్కడం మొదలైంది. ఎలాగే అని అత్తగారు నిలదీస్తే, కంగారులో నోటికొచ్చిందనేసింది: "రీతమ్మకి మొక్కుకున్నా అత్తమ్మా. తీపి మానేశాను, తల్లే తగ్గిస్తోంది."

అంతే, కొంప మునిగింది. మా ఊళ్ళో తల్లి మోకాలు బాగుచేస్తే మైనపు మోకాలు, కన్ను బాగుచేస్తే మైనపు కన్ను గుడి పక్క గదిలో వేలాడగడతారు. పొట్ట కట్టినవాళ్ళు ఎవరూ లేరు. లిందౌరా పెద్దమ్మ పొంగిపోయి మైనప్పొట్ట చేయించడానికి వెళ్తే, పనివాడు తలగోక్కుని, "తగ్గకముందుదా అమ్మా, తగ్గాకదా?" అని అడిగాడట. తగ్గకముందుదే చేయించింది, ఊరంతా చూడాలిగా. ఆదివారమయ్యేసరికి ఆడవాళ్ళు వరసకట్టి జుల్మీరా చేత తలమీద చెయ్యి పెట్టించుకున్నారు. నేను వెన్న తీసినప్పుడల్లా ఆ మహిమ నా వేళ్ళకి తగులుతూనే ఉంది.

ఒళ్ళు తొందరగా కరిగితే పిత్తాశయంలో రాళ్ళు పడొచ్చట. జుల్మీరాకి పడ్డాయి. నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆసుపత్రిలో చేర్చాం, మర్నాడే ఆపరేషనన్నారు. మా దగ్గర ఒకరు మంచమెక్కితే జపమాల జట్టు మొత్తం మంచం చుట్టూ చేరాల్సిందే. తెల్లారి లిందౌరా పెద్దమ్మ ముందు నిలబడి జపం చెప్పిస్తుంటే మత్తిచ్చే డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మర్యాదస్తురాలు.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు కదా? బరువు తగ్గే ఇంజెక్షన్లేమైనా తీసుకుంటున్నారా? వాటితో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. మత్తులో ఉండగా తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు."

జుల్మీరా కళ్ళు మూసుకుంది. జవాబు అత్తగారిచ్చింది. "మా కోడలికి ఆ గతి పట్టలేదు డాక్టరమ్మా. ఇదంతా రీతమ్మ మహిమ."

నేను మంచం మీదికి వంగి చెవిలో అన్నాను, "చెప్పవే."

"చస్తాను గానీ చెప్పను."

"అదేనే నేననేది, చస్తావు."

స్ట్రెచరు వచ్చేసింది. ఊరి ముందు పరువు పోతుందని ప్రాణం పోగొట్టుకోవడానికి సిద్ధపడిందే ఈ పిచ్చిది అనుకున్నాను. రీతమ్మకి దండం పెట్టుకుని గొంతెత్తాను. "డాక్టరమ్మా, ఆ మహిమ నా ఫ్రిజ్‌లో వెన్న వెనకాల ఉంది. శుక్రవారం శుక్రవారం పొడుచుకుంటుంది."

జపం ఆగిపోయింది. జుల్మీరా నావైపు చూసిన చూపుకి నేను అక్కడే బూడిదవ్వాల్సింది. తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, "అవునమ్మా" అంది. డాక్టరమ్మ వెంటనే చిన్న స్కాను మిషను తెప్పించి పొట్ట మీద పెట్టి చూసింది. నిన్నటి తిండి కడుపులో అలాగే ఉంది. "ఇవాళ ఆపరేషను వద్దు. నొప్పికి మందిస్తాం, కడుపు ఖాళీ అయ్యాక చూద్దాం," అని ఊపిరి పీల్చుకుంది. నేను మంచం చివర కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండి జుల్మీరాని నాలుగు తిట్టాను.

ఇప్పుడు అత్తగారు విరుచుకుపడుతుందని అందరం అనుకున్నాం. ఆవిడ మెల్లగా వెళ్ళి డాక్టరమ్మ కోటు అంచు పట్టుకుంది.

"గురువారం నాకు హెర్నియా ఆపరేషనమ్మా. దానికీ చెప్పాలా?"

"ఏం చెప్పాలి?"

"అదే... ఆ పొడుచుకునేది."

ఈ మధ్య ఆవిడ పావడాలు బిగించి కుట్టింది జుల్మీరానే. వయసు మీద పడి చిక్కిపోతోందని జాలిపడ్డాం కూడా.

"మీకు ఏ డాక్టరు రాశారు?"

"రాయడమేంటమ్మా, సంతలో లోబట్టలమ్మే పిల్ల సీసాలో తెచ్చిస్తుంది. కోడలి కంటపడకుండా బీరువాలో దాచుకుంటాను."

ఆ సీసాలో ఏముందో దేవుడికే తెలియాలి, ఆపైన ఈ ఎండల్లో ఫ్రిజ్‌లో కాకుండా బీరువాలోనా అంది డాక్టరమ్మ. జుల్మీరా పక్కటెముకలు చేత్తో అదిమిపట్టుకుని లేచి కూర్చుంది. అత్తగారిని తేరిపార చూసింది. ఇన్నేళ్ళలో పదిమందిలో ఆవిడ గురించి నోరు తెరవడం అదే మొదటిసారి.

"డాక్టరమ్మా, నా సంగతి తర్వాత. ముందు ఈవిడకి పరీక్షలు చేసి బాగా బతికించండి. నేను తిరిగి అనాల్సినవి చాలా ఉన్నాయి."