అందుకోమన్నాడు బాపు

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నేనాడినది ఎంత బాగా అతికిందంటే, పదకొండేళ్లయినా ఊడిరాలేదు.

మా బాపు ఇబ్రహీంపట్నంలో పెళ్లి బ్యాండుకు మాస్టరు. క్లారినెట్ వాయిస్తాడు. బరాత్‌లో పెళ్లికొడుకు గుర్రం ముందు ఆయన నడుస్తాడు, ఆయన వెంట డ్రమ్ములు, అందరికన్నా వెనుక సెకండు క్లారినెట్ పట్టుకుని మంచాల ఊరి నుంచి వచ్చే మామ. పాట బాపుది. మామ దానికి ఆసరాగా కింద నాలుగు స్వరాలు పట్టుకుని ఉంటాడు. బాపు లెక్కలో అది వాయించడమే కాదు. "సెకండోడు బరాత్‌ల నడ్వనీకొచ్చిండు" అనేవాడు, మామ వింటుండగానే. మామ నవ్వి ఊరుకునేవాడు.

ఇక నా సంగతి. హైదరాబాద్‌లో వయోలిన్ నేర్చుకుని ఆర్కెస్ట్రాలో చేరబోతే, వయోలిన్ కుర్చీలన్నీ నిండిపోయాయి. "వయోలా పట్టుకుంటవా? రేపే రా" అన్నారు. వయోలా అంటే వయోలిన్‌కు అక్కలాంటిది. ఒళ్లు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. పాట మాత్రం దాని చేతికి ఎప్పుడో గానీ రాదు. వయోలిన్లు పైన పాట ఎత్తుకుంటే, మేము నడుమ కూర్చుని ఆ పాట పలచబడకుండా చూస్తాం. అంటే నేనూ సెకండుదాన్నే. ఆ మాట మా బాపుతో ఏ నోటితో చెప్పను?

"బాపూ, వయోలిన్ చిన్నది, గిది పెద్దది. పెద్దది ఎవలికిస్తరు చెప్పు?" అన్నాను.

బాపు మీసం దువ్వాడు. "అవ్, పెద్దోళ్లకే ఇస్తరు."

చూశారా, అబద్ధం నేనాడలేదు, ఆయన చేతే ఆడించాను. ఆ తర్వాత టీవీలో ఏ సినిమా పాటలో తీగలు మోగినా "గది నేనే" అనేదాన్ని. కొన్నింట్లో నిజంగానే ఉన్నాను, బిర్యానీలో ఉల్లిగడ్డలా. బాపు యాచారం పెళ్లిళ్ల దాకా చాటింపు వేశాడు, బిడ్డ మాస్టరైందని.

మొన్నొక ఆదివారం పొద్దున మా కచేరీకి వస్తానని బయలుదేరాడు. వద్దనడానికి నేను చెప్పిన సాకులు అన్నీ ఇన్నీ కావు. ఏసీ పడదన్నాను, మెట్లెక్కలేవన్నాను. వినలేదు. ఇస్త్రీ చేసిన బ్యాండు కోటు, ఎర్రది, భుజాల మీద బంగారు కుచ్చులది, అది తొడుక్కుని వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు.

మొదటి పాట సగంలో మాకు పెద్ద ఖాళీ ఉంది. వయోలాలు ఒళ్లో పెట్టుకుని లోపల్లోపల లెక్కపెట్టుకోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రెండు, రెండు, మూడు, నాలుగు... ఇలా ముందున్న అంకె నలభై అయ్యేదాకా. లెక్క తప్పితే సరైన చోట అందుకోలేం. ఇదంతా బాపుకేం తెలుసు? బ్యాండులో ఒకడి చెయ్యి ఆగిందంటే రెండే కారణాలు: పాట మర్చిపోవడం, మందు ఎక్కువ కావడం. మర్చిపోయినవాడికి మాస్టరు పాట పాడి అందించాలి. అది బ్యాండు ధర్మం. మూడో వరసలో కుచ్చులు కదలడం నాకు కనిపించింది. ఇరవై రెండు, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూనే వద్దు బాపూ అని కళ్లతో బతిమాలాను.

సరిగ్గా అప్పుడే ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి ఆగే చోటు వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. మా బాపు లేచి నిలబడి, అంతవరకూ వయోలిన్లు వాయించిన వరసను "తాననా తానా" అంటూ తు.చ. తప్పకుండా పాడి, "బిడ్డా, అందుకో!" అని అరిచాడు.

మా ముందు నిలబడి తాళానికి పుల్ల ఆడించే పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. నా పక్కనామె నవ్వాపుకోలేక కమాను జారవిడిచింది. నేను లెక్క తప్పాను. భూమి చీలితే అందులో దూరిపోదునే! కానీ ఒకటి చెప్పకపోతే పాపం, బాపు శ్రుతి వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ఎల్బీనగర్‌లో బస్సెక్కాక అడిగాడు. "అసలు పాట నువ్వెప్పుడు వాయిస్తవ్?"

ఇక దాచి లాభం లేదు. "వాయించ బాపూ. నాది ఎప్పుడూ కింది ముక్కనే. మంచాల మామ లెక్క."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఇబ్రహీంపట్నం దాకా కోటు కుచ్చులు సవరించుకుంటూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. మామను అన్న మాట ఇప్పుడు నన్నూ అంటాడని భయం. పదకొండేళ్ల నా పనిని ఒక్క మాటతో ఊడ్చేస్తాడేమోనని కోపం కూడా.

ఇల్లు చేరగానే, కోటు విప్పకుండానే క్లారినెట్ తీశాడు. "బరాత్ పాట నేను ఎత్తుకుంట. నువ్వు నీ కింది ముక్క వాయించు. దాంట్ల ఏమున్నదో సూస్త."

వాయించాను. కాసేపటికి ఆయన కళ్లు మూతలు పడ్డాయి. నాకు కొంటెబుద్ధి పుట్టింది. ఉన్నట్టుండి కమాను దించేశాను. పాట అదే, ఊదేది ఆయనే, అయినా ఉప్పు వెయ్యని పప్పులా అయిపోయింది. బాపు కళ్లు తెరిచాడు.

"ఎందుకాపినవ్?"

"నడ్వనీకొచ్చినదాన్ని. నేనాపితే ఏమైతది?"

"నోర్మూయ్. అందుకో!"

అందుకున్నాను. చివరిదాకా మళ్లీ ఆపనివ్వలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, అయినా ఆపలేదు.

పాటయ్యాక బాపు క్లారినెట్ తుడిచి పక్కన పెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మంచాల మామకు కలిపాడు.

"ఏం రా, మన బరాత్ పాటల నువ్వు కింద ఏం వాయిస్తుంటివో నేనెన్నడు సరింగ ఇనలే. వచ్చే ఆదివారం వచ్చి వాయించు, చెవి పెట్టి ఇంట."

మామ ఈసారి నవ్వి ఊరుకోలేదు. "ముప్పై ఏండ్లకు చెవులు తెర్సుకున్నయా, మాస్టరూ?"

"ఎక్కువ మాట్లాడకు. వస్తవా, రావా?"

"వస్త. గని ఎప్పటి లెక్క ఎనుకనే నిలబడాల్నా?"

బాపు నా వైపు చూశాడు. నేను వయోలాను ఇంకా భుజం మీంచి దించలేదు.

"పక్కన నిలబడు రా," అన్నాడు.