మామిడిచెట్టుకు జామీను

మా ఊళ్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగిపోవచ్చు. అయినా ఇక్కడ స్థిరపడ్డ గోదావరి జిల్లాల వాళ్లం మమ్మల్ని మేం ప్రవాసులమనే అనుకుంటాం. సముద్రాలు దాటి వెళ్లినవాళ్లు కూడా కొన్నాళ్లకి అక్కడి తిండికి అలవాటు పడతారు. మేం పడలేదు. ఏళ్ల తరబడి నేరేడ్‌మెట్‌లో ఉంటూ, ప్రతి ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరి, ఇక్కడి గోంగూరకి పులుపు లేదని, కొబ్బరికాయలో కొబ్బరి లేదని, ఈ నీళ్లకి పప్పు ఉడకదని చెప్పుకుంటాం. అలా చెప్పుకుంటూనే ఆ పప్పు రెండోసారి వడ్డించుకుంటాం.

మాలో ప్రతివాళ్లూ ఊరి నుంచి ఏదో ఒక మొక్క తెచ్చుకున్నవాళ్లే. ఒకావిడ అపార్ట్‌మెంటు బాల్కనీలో నీలం డ్రమ్ములో కొబ్బరిమొక్క పెంచుతోంది. అది పై వాటా వాళ్లు ఆరేసుకున్న బట్టల్లోకి దూరి నిత్యం తగాదాలు తెస్తోంది. ఇంకొకాయన గులాబీ కుండీల కోసం లంక మట్టి బస్తాల్లో తెప్పించుకున్నాడు. నేను తెచ్చుకున్నది మామిడి అంటు. రైల్లో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంటి వెనక కాస్త జాగా ఉంది, అందులో నాటాను.

ఆ జాగాని నేను పెరడు అంటాను. మా ఆయన పార్కింగ్ అంటారు. ప్రహరీ అవతలంతా మిలిటరీ స్థలం, బండలూ ముళ్లపొదలూ. మాఘమాసం సగమయ్యేసరికి అక్కడ మోదుగులు ఎర్రగా పూస్తాయి. అక్కడి వేపచెట్టు ఆకంతా మా పెరట్లోకే రాలుస్తుంది. తేనెపిట్టలు మందారాల మీద తలకిందులుగా వేలాడతాయి. ఇవన్నీ ఫోటోలు తీసి, 'మా పల్లె జీవితం' అని రాసి చుట్టాల గ్రూపులో పెడతాను. నిజంగా పల్లెలో ఉన్న మా మరదలు, "సిటీలో ఉండి ఈ వేషాలేంటి వదినా" అని ఒకసారి రాసింది. ఆ పిల్లకి ప్రకృతి అంటే ఏమిటో తెలియదు. గోడ దూకి వచ్చిన నెమలి ఫోటో కూడా పెట్టాను. అది నా తోటకూర మడి మొత్తం తిని పోయిన సంగతి మాత్రం రాయలేదు. నెమలి అందం గురించి రాసినవాళ్లెవరూ తోటకూర వేసి ఉండరు.

మోదుగ పూసినా, నెమలి ఆడినా, నా మామిడి మాత్రం పూయలేదు. వీధిలో మామిళ్లన్నీ పూతతో బరువెక్కాయి. ఆటో మెకానిక్ షెడ్డు వెనక ఇంజనాయిలు తాగి బతికే చెట్టు కూడా పూసింది. మాది ఏటేటా ఆకులు మాత్రం వేస్తుంది, మహా దర్జాగా. ఆ ఏడు మా ఆయన తేల్చి చెప్పేశారు.

"శివరాత్రి దాకా చూస్తా. పూత రాకపోతే కొట్టించేసి షెడ్డు వేయిస్తా. కారు ఎండకి మాడిపోతోంది."

ఉత్తినే బెదిరిస్తున్నారనుకున్నాను. మర్నాడే మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చి జాగా కొలిచాడు. ఎండగా ఉందని ఆ చెట్టు కిందే నిలబడి టీ తాగాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. చెట్టుకి వేపపిండి వేశాను, బియ్యం కడిగిన నీళ్లు పోశాను, ఊళ్లో అన్నయ్యకి ఫోన్ చేశాను. "అది మన మట్టి కాదు కదే, చెట్టు మాత్రం ఏం చేస్తుంది" అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. చివరికి పక్కింటి పెద్దావిడకి కూడా చెప్పాను.

చెప్పకుండా ఉండాల్సింది. మా ఇల్లూ మా వీధీ ఒకప్పుడు ఆవిడ వాళ్ల జొన్నచేను. మేం కొన్న జాగా వాళ్లదే. ఇప్పుడు ఆవిడకి మూడంతస్తుల మేడ, కింద అద్దెకిచ్చిన షాపులు. సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, తన చేలో మొలిచిన మమ్మల్నందరినీ చూస్తూ కూర్చుంటుంది. మట్టి మంచిది కాదని నేను ఆవిడ మొహం మీదే అన్నాను.

ఆవిడ ఏమీ అనుకున్నట్టు లేదు. "మన్ను మంచిగనే ఉంది బిడ్డా. నీ చెట్టుకే భయం లేదు. జెర బెదిరించాలె" అంది.

వాళ్ల పుట్టింట్లో కాయని చెట్టుకి అలాగే చేసేవారట. ఒకరు గొడ్డలి పట్టుకుని నరికేస్తానని చెట్టు మీదికి పోవాలి. ఇంకొకరు చెయ్యి పట్టుకుని ఆపాలి, ఈసారికి వదిలెయ్యమని బతిమాలి చెట్టుకి జామీను ఉండాలి. "జామీను లేకుంటే చెట్టు నమ్మదు" అంది. గొడ్డలి మీరు పట్టుకోండని మా ఆయన్ని అడిగాను. కొత్త కారుకి నిమ్మకాయ కట్టించిన మనిషి, ఇదంతా మూఢనమ్మకం అని కొట్టిపారేశారు. అసలు భయం ఎదురు మేడ వాళ్లు వీడియో తీస్తారని. దాంతో ఆ పెద్దావిడే గొడ్డలి పట్టుకుని వస్తానంది.

ఆదివారం పొద్దున్న వచ్చింది. ఆ వారం మా వాళ్లు చేరాల్సింది మా ఇంట్లోనే. అందరూ పెసరట్ల పళ్లేలు పట్టుకుని పెరట్లోకి వచ్చి, ఈ తెలంగాణ తమాషా ఏమిటో చూద్దామని వరసగా నిలబడ్డారు. పెద్దావిడ కొంగు నడుముకి దోపి చెట్టు ముందు నిలబడింది.

"ఏందే, ఎన్నేండ్లాయెనే నువ్వొచ్చి?" అని చెట్టుని అడిగింది. "గీ మన్ను తింటివి, గీ నీళ్లు తాగితివి, గింత లావైతివి. ఒక్క పువ్వన్న ఇచ్చినవా? ఎప్పుడు చూడు, మా ఊర్ల మన్ను గట్లుంటది, మా ఊర్ల నీళ్లు గట్లుంటయి. గంత మంచిగుంటే గాడనే ఉండకపోతివి. ఎవరు రమ్మన్నరే నిన్ను?"

నా వెనక పెసరట్లు నమలడం ఆగిపోయింది. చట్నీ బాగుందన్నవాళ్లు కూడా లేరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరికే రాలేదు, డబ్బిచ్చి కొనుక్కున్నాం అనబోయాను. కానీ ఆవిడ నావైపు చూడనే లేదు, చెట్టుతోనే మాట్లాడుతోంది. చెట్టు తరఫున నేను ఎలా పోట్లాడను?

నా వంతు వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, ముందే అనుకున్న మాట అప్పజెప్పాను. "వదిలెయ్యండి పెద్దమ్మగారూ, వచ్చే ఏడు పూస్తుంది."

"ఎట్ల పూస్తది? దాని ఏర్లు గీడ, పాణం గాడ. ఇయ్యాల పూస్తా అంటది, రేపు మా ఊరికి పోతా అంటది. నేను నమ్మ."

నా చెయ్యి విదిలించుకుని ఒక్క దెబ్బ వేసింది. అది ఉత్తుత్తి దెబ్బ అవుతుందనుకున్నాను. గొడ్డలి నిజంగానే దిగింది. బెరడు లేచి లోపలి తెల్లదనం కనిపించింది, జిగురు కారింది. ఆవిడ మళ్లీ గొడ్డలి ఎత్తింది. నేను చెట్టుకి అడ్డం వెళ్లి నిలబడ్డాను.

"ఎక్కడికీ పోదు పెద్దమ్మా. ఇది ఇక్కడి చెట్టే. ఇక్కడే ఉంటుంది. నేనుంటాను జామీను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ గొడ్డలి దించింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఇంక ఆట అయిపోయినట్టు గొడ్డలి తెచ్చి, గుమ్మంలోంచి చూస్తున్న మా ఆయన చేతికిచ్చింది.

"జామీను దొరికింది బాబూ. నువ్విగ దీన్ని ముట్టకు" అని, తనకి కూడా ఒక పెసరట్టు పెట్టమంది. అల్లం చట్నీలో కారం చాలలేదంది. ఆ రోజు మాలో ఎవరూ గోంగూర ఊసెత్తలేదు.

తర్వాత నేను రోజూ పొద్దున్నే లేచి చెట్టు చుట్టూ తిరిగాను. ఎర్రటి లేతాకులు వచ్చాయి. అవి చూసి పూత అనుకుని రెండుసార్లు మోసపోయాను. శివరాత్రి వచ్చింది, వెళ్లింది. ఒక్క పూతకాడ కూడా లేదు.

ఆ మర్నాడు మా ఆయన పెరట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశారు. మేస్త్రీ ఫోన్ చేశాడని నాకు తెలుసు. నేను పోట్లాటకి సిద్ధంగా గుమ్మంలో నిలబడ్డాను.

"పూత రాలేదు" అన్నారు.

"వచ్చే ఏడు వస్తుంది."

"రాకపోతే?"

"ఆ పై ఏడు వస్తుంది. ఎక్కడికి పోతుంది?"

ఆయన గొడ్డలి దెబ్బ పడ్డచోట వేలు పెట్టి చూశారు. గాయం అప్పుడే కాస్త ఎండి గట్టిపడింది.

"అవునులే. మనం మాత్రం ఎక్కడికి పోతాం" అన్నారు. కాసేపటికి చొక్కా వేసుకుని, కారుకి కవరు కొనుక్కొస్తానని రాంగోపాల్‌పేట్ వెళ్లారు.