ఎవరి షిఫ్టు రాత?

పాల్వంచ ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో మూడు షిఫ్టులకు ముగ్గురం, అందరికీ ప్రోగ్రామ్ ఒక్కటే. మాలో పెద్దాయన ప్రతి లైను మొదట్లో ట్యాబ్ మీటతో ఖాళీ వదిలేవాడు, ఇంకొకాయన రెండు స్పేసులతో, నేను నాలుగుతో. ప్రోగ్రామ్ ఆగితే ముందు ఆ ఖాళీలు చూసి ఎవరి షిఫ్టు రాతో తేల్చడం, అతన్ని తిట్టడం, ఆ తర్వాతే తప్పు వెతకడం. అదే అక్కడి రివాజు.

ఓసారి ఒళ్లు మండి, లైన్ల ముందు ఖాళీలన్నిటినీ ఒకే కొలతకు తెచ్చే చిన్న స్క్రిప్టు రాసి నడిపాను.

మర్నాడు షిఫ్టు మారే వేళ ప్రోగ్రామ్ ఆగింది. "ఇది నీ షిఫ్టుదే" అన్నాడు పెద్దాయన.

"గట్లనా? నా లైన్లేవో సూపెట్టన్నా" అన్నాను.

కళ్లద్దాలు తుడుచుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. అన్ని లైన్లూ ఒకే కొలతలో నిలబడ్డాయి.

ఇక వేరే దారి లేక తప్పును వెతికాం. టీ చల్లారకముందే దొరికింది.