వెనకచేతులాయన, ఏడు కుర్చీలు

మా పైవాటా ఆయన ఎదుటివాళ్ల పనిలో చెయ్యి పెట్టడు. మామూలుగా పెట్టకపోవడం కాదు, రెండు చేతులూ వీపు వెనక్కి తీసుకుపోయి, ఒకదాన్నొకటి పట్టుకునేలా బిగించి, తాళం వేసినట్టు నిలబడతాడు. తప్పు ఎక్కడుందో ఆయనకు కనిపిస్తుంది. కనిపించిందని ఆయన ముఖం చూస్తే మనకూ తెలుస్తుంది. నోరు విప్పి చెబితే మాత్రం ఒట్టు. "మొదట్నుంచీ ఏం చేశారో ఒక్కొక్కటే చెప్పండి" అంటాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన వెనకచేతులాయన. ముప్పై ఏళ్లు ఏదో కంపెనీలో కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసి, రిటైరై, మా మీద పడ్డాడు.

ఒకసారి మా కుక్కరు ఎంతకీ కూత వెయ్యకపోతే కేకేశాను. వచ్చి, స్టవ్ చుట్టూ తొంగి చూసి, చేతులు వెనక్కి పెట్టేశాడు.

"మొదట ఏం చేశారు అక్కయ్యగారూ?"

"బంగాళాదుంపలు కడిగాను."

"తర్వాత?"

"నీళ్లు పోశాను."

"తర్వాత?"

"నీ తలకాయ. మూత పెట్టాను."

"మూత మీద?"

మూత మీద ఏమీ లేదు. పెట్టాల్సిన వెయిట్ అలమరలో ఉంది, సరిగ్గా ఆయన ముక్కుకి ఎదురుగా. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు మహానుభావుడు.

కట్టుకున్నావిడకైనా మినహాయింపు ఉందా అంటే అదీ లేదు. ఓరోజు ఆవిడ గుమ్మం బయట తాళంచెవి కోసం సంచీ అంతా కుమ్మరించుకుంటోంది. ఈయన లోపల కిటికీ దగ్గర నిలబడి, "ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఏ చేత్తో పట్టుకున్నావు?" అని అడుగుతున్నాడు. తాళంచెవి తలుపుకే వేలాడుతోంది. నేను పరుగెత్తుకెళ్లి చూపిస్తే నావైపు గుడ్లురిమి చూశాడు, పరీక్ష పేపరు ముందే బయటపెట్టినట్టు.

ఇలాంటి మనిషి దగ్గరికి సాయం కోసం వెళ్లింది మూడో అంతస్తు అమ్మాయి.

ఆ అమ్మాయి కళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల మీద పేర్లు రాసుకుని, వచ్చినవాళ్లను వరుసగా లోపలికి పిలుస్తుంది. పదేళ్లుగా అదే పని. ఉన్నట్టుండి డాక్టరుగారికి పేర్లు పిలిచే మిషను కొనాలని బుద్ధి పుట్టింది. ఈ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు. "ఆ పిలిచే ప్రోగ్రామేదో నేనే రాస్తే నన్ను ఉంచుకుంటారా సార్?" అని అడిగింది. "సోమవారం పొద్దున్న నా ఎదురుగా నడిపించు, చూద్దాం" అన్నాడాయన. నడిస్తే ఉద్యోగం ఉంటుంది. నడవకపోతే మంగళవారం మిషను దిగుతుంది.

నెల రోజులు ఫోన్లో పాఠాలు చూసి నేర్చుకుని, శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనకచేతులాయన ఇంటికి దిగింది. అప్పటికే నేనక్కడ ఉన్నాను. ల్యాప్‌టాప్‌తో ఒక మనిషి మెట్లు దిగుతుంటే ఎక్కడికో, ఎందుకో తెలుసుకోకుండా ఎలా ఉంటాం?

"బాబాయ్ గారూ, ఏడు పేర్లు పెట్టాను. ఏడుసార్లూ రెండో పేరునే పిలుస్తోంది."

ఆయన తెర వైపు ఒక్క చూపు చూశాడు. కనుబొమలు పైకెళ్లి కిందికొచ్చాయి. చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. అయిపోయింది, తెలిసిపోయిందాయనకు.

"అక్కయ్యగారికి చెప్పమ్మా" అన్నాడు. "ఒక్కో లైనూ చెప్పు. ఆవిడ ఒప్పుకుంటేనే తర్వాతి లైను."

"నాకా? నేను చదివింది అయిదో తరగతయ్యా."

"అందుకే. అర్థం కానిదాన్ని మీరు వదిలిపెట్టరు."

అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

శనివారం పొద్దున్న మెట్ల మీద కనిపిస్తే కడిగేశాను. "దాని అన్నం గిన్నె పోయేలా ఉంటే నీకీ పంతం ఏమిటయ్యా? ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?" ఆయన గోడకేసి చూస్తూ పైకెళ్లిపోయాడు. వెనకాలే ఆయన భార్య దిగుతూ, "రాత్రంతా మంచం మీద దొర్లాడు అక్కయ్యా. చెప్పెయ్యాలని నాలుక పీకుతోందట" అంది. అలాంటి నాలుకను ఎందుకు కట్టేసుకున్నాడో నాకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం మా ముందు గదిలో ఏడు కుర్చీలు వేశాం. మొదటిదాంట్లో దిండు, రెండోదాంట్లో గొడుగు, చివరిదాంట్లో ఇస్త్రీ పెట్టె. మధ్యలోవాటిలో చేతికందినవి.

"ఇలా వరుసగా ఉంటే ఎర్రే అంటారు పిన్నీ. మొదటి కుర్చీ నంబరు సున్నా."

"మనిషి కూర్చున్న కుర్చీ సున్నా ఎలా అవుతుందే?"

"కంప్యూటరు లెక్క అంతే. అక్కడికి చేరడానికి ఎన్ని కుర్చీలు దాటాలి? ఏమీ లేదు. కాబట్టి సున్నా."

"సరే, ఒప్పుకున్నాను. ఈ గిన్నె ఎందుకు?"

"ఇది వేరియబుల్. ఎవరి వంతో ఆ నంబరు చీటీ ఇందులో ఉంటుంది. కొత్త చీటీ వేస్తే పాతది తీసెయ్యాలి."

కంప్యూటరు పని నాది. ఆ పిల్ల తను రాసింది రాసినట్టు చదువుతుంది, నేను చేస్తాను.

"ఈ చుట్టు ఏడుసార్లు తిరగాలి. గిన్నెలో ఒకటి వెయ్యండి." వేశాను. "ఆ నంబరు కుర్చీని పిలవండి."

"గొడుగుగారూ, రండి."

"చీటీకి ఒకటి కలపండి." ఒకటి తీసి రెండు వేశాను. "మళ్లీ మొదటికి రండి. గిన్నెలో ఒకటి వెయ్యండి."

"ఇప్పుడేగా రెండు వేశాను?"

"రాసింది అలాగే ఉంది పిన్నీ."

"గొడుగుగారూ, మళ్లీ రండి."

మూడోసారి కూడా ఒకటి వెయ్యమనేసరికి గిన్నె కింద పెట్టేశాను. "ఏమే, ఈ గొడుగుకి ఎన్ని కళ్లున్నాయే? చుట్టు తిరిగిన ప్రతిసారీ గిన్నె ఖాళీ చేయించి పాత చీటీ వేయిస్తే ముందుకెలా పోతాను?"

ఆ పిల్ల ల్యాప్‌టాప్ మీదికి వంగి చూసింది. తర్వాత మెల్లగా, "ఆ లైను చుట్టు లోపల రాశాను. చుట్టు మొదలవకముందు ఒక్కసారే ఉండాలి" అంది.

గుమ్మం వైపు చూద్దును గదా, వెనకచేతులాయన. ఎప్పుడొచ్చాడో ఏమో. మనవడు మొదటి అడుగు వేసినప్పుడు తాతల ముఖాలుంటాయే, అలా ఉంది.

లైను మార్చి మళ్లీ నడిపించాం. గొడుగు మొదలు ఇస్త్రీ పెట్టె దాకా చకచకా పిలిచేశాను. ఏడో చుట్టులో గిన్నెలోకి ఏడు వచ్చింది. ఏడో నంబరు కుర్చీ కోసం గదంతా వెతికాను.

"లేదే. గుమ్మంలో నిలబడ్డ ఈయన్ని పిలవనా? అదలా ఉంచు, దిండుగారు ఇందాకట్నుంచీ కూర్చునే ఉన్నారు. వారినెవరూ పిలవరా?"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ల్యాప్‌టాప్‌లో ఒకటి కొట్టేసి సున్నా పెట్టింది. ఏడు పేర్లూ వరుసగా పడ్డాయి.

సోమవారం నేనూ ఆసుపత్రికి వెళ్లాను. నా కళ్లకేమీ జబ్బు లేదు, చూడాలనే జబ్బు తప్ప. అక్కడ మొదటి కుర్చీలో వెనకచేతులాయన. కూర్చుని కూడా చేతులు వెనక్కే, వీపుకీ కుర్చీకీ మధ్య ఇరికించుకుని.

డాక్టరుగారి ఎదుట ప్రోగ్రాము నడిచింది. మొదట వెనకచేతులాయన పేరు పడింది, తర్వాత మిగతా ఆరూ. డాక్టరుగారు నన్ను చూపించి, "ఎనిమిదో మనిషి వచ్చారుగా, చేర్చు" అన్నాడు. అమ్మాయి నా పేరు చేర్చింది. నడిపించింది. ఏడు పేర్లు పడి ఆగిపోయింది. నేను రాకపోతే బాగుండునని నా బతుకులో మొదటిసారి అనిపించింది.

"ఎవరు రాసిచ్చారో వాళ్లనే పిలిపించు" అన్నాడు డాక్టరుగారు.

ఆ పిల్ల వెనకచేతులాయన వైపు చూసింది. ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. అప్పుడు కళ్లు మూసుకుని, "దిండు సున్నా, గొడుగు ఒకటి..." అని పెదవుల్లో గొణుక్కుంది. కళ్లు తెరిచి, "నేనే రాశాను సార్, ఒక్క నిమిషం" అంటూ ఒక లైను మార్చింది. ఏడు తీసి ఎనిమిది పెట్టలేదు. వరుసలో ఎన్ని కుర్చీలుంటే అన్నిసార్లు తిరగమని రాసింది. తెర మీద నా పేరు పడింది. వెనకచేతులాయన చేతులు పట్టు తప్పి ముందుకొచ్చేశాయి. చప్పున వెనక్కి లాక్కున్నాడు.

"మిషను వాణ్ని రావద్దని చెప్పెయ్" అన్నాడు డాక్టరుగారు అమ్మాయితోనే.

రాత్రంతా మంచం మీద దొర్లుతూ కూడా ఆయన నాలుకను ఎందుకు కట్టేసుకున్నాడో నాకప్పుడు తెలిసింది. కానీ ఇంకోటి మిగిలింది.

"ఈయన కళ్లకేమైందే?" అని అమ్మాయి చెవిలో అడిగాను.

"ఏమో పిన్నీ. శుక్రవారం నేనలా వాళ్లింటి నుంచి పైకెళ్లానో లేదో ఫోన్ చేశారు. సోమవారం మొదటి పేరు నాదే రాయమ్మా అని..." అంటూ ఆగిపోయింది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. సున్నాకి బదులు ఒకటే ఉండిపోయి ఉంటే, పిలవకుండా మిగిలిపోయేది ఆ మొదటి మనిషి. ఇంకెవరైనా అయితే గొడవ చేసేవారు. ఈయనైతే సాయంత్రం దాకా కూర్చుని, చప్పుడు కాకుండా ఇంటికొచ్చేసేవాడు.

ఇంతలో డాక్టరుగారు ఆయన్ని లోపల కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలన్నీ చదివించాడు. అడుగు వరుసతో సహా గడగడా చదివేశాడట.

"చూపు బ్రహ్మాండంగా ఉందే. ఇంతకీ మీ బాధేమిటి?"

మొదటి చోటు పట్టుకున్నందుకు ఏదో ఒకటి చెప్పాలి కదా.

"ఎదుటివాళ్ల తప్పులు మరీ తొందరగా కనిపిస్తున్నాయండీ" అన్నాడట.

డాక్టరుగారు చుక్కల మందు రాసిచ్చాడు. పూటకి రెండు చుక్కల చొప్పున ఆయన భార్యే వేస్తోంది. ఇంకా గుణం కనిపించలేదట.